కొత్త బ్లేడు

అయినా ఈ ఆస్పత్రి బల్ల మీద కాగితం పరిచారేమిటి, కదిలితే చాలు కరకర, మా సెలూన్‌లో అయితే ఉతికిన తువ్వాలు వేస్తాం, చొక్కా బొత్తాలు విప్పమంది టెక్నీషియన్ అమ్మాయి, విప్పాను, ఎడమ భుజం కింద అగ్గిపెట్టెంత ఉబ్బు, నా పేస్‌మేకర్, అది తోస్తేనే గుండె నడుస్తుంది, అది లేని రోజుల్లో కస్టమర్ గడ్డానికి నురగ పూస్తూ పూస్తూ అద్దం ముందే దబ్బున పడిపోయినవాణ్ణి, ఇప్పుడు దాని లోపలి సాఫ్ట్‌వేర్ తాళం మార్చాలట, పాత దాంట్లో లోపముందట, కిటుకు తెలిసినవాడెవడైనా దగ్గరికొచ్చి ముట్టుకోకుండానే దాన్ని తెరిచి వేగం మార్చెయ్యొచ్చట, ఇంతవరకూ ఎవరికీ జరగలేదండీ అంటోంది, మొదటిసారి జరిగేదాకా అందరికీ అలాగే చెబుతారు కదా.

ఈ కబురు ముందు మోసుకొచ్చింది పేపరు మేష్టారు, నా కుర్చీలో కూర్చుని వార్తలు పైకి చదవనిదే గడ్డం గీయించుకోడు, అది చదివాడు, నా చెయ్యి ఆగిపోయింది, ఏమయ్యా మిగతా సగం రేపా అన్నాడు, ఆ సాయంత్రమే మంచం పక్కనున్న పెట్టె, నా గుండె సంగతులు రోజూ ఆస్పత్రికి చేరవేసేది, దాని ప్లగ్గు పీకి, పెట్టెను బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత బిగించాను, మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, దొంగ రాకుండా తలుపేశారు సరే, డాక్టరు ఎటునుంచి రావాలి అంది, నీకేం తెలుసులే అన్నాను, నాకేదో తెలిసినట్టు, చివరికి ఆస్పత్రివాళ్లే ఫోన్ చేశారు, మీ కబురే లేదు, బాగానే ఉన్నారా అని, డబ్బా మాట చెబితే ఈ అమ్మాయే పగలబడి నవ్వింది.

ఇప్పుడు నవ్వడం లేదు, చేతిలో గుండ్రటి పరికరం, నా ఛాతీ మీద పెట్టబోతోంది, ఈ పిల్ల మా కూతురికన్నా చిన్నది, మధ్యలో గుండె ఆగిపోతే అన్నాను, ఆగదండీ, ఆ కాసేపూ ఒకే వేగంతో కొడుతూనే ఉంటుంది, డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు అంది, అయినా లేచి వెళ్లిపోదామా, బయట బెంచీ మీద మా ఆవిడ, ఏ మొహం పెట్టుకుని వెళ్లను, ఆగమ్మా అన్నాను, నా చెయ్యి ఆ పరికరానికి అడ్డం పెట్టాను, నా కుర్చీలో కొత్తగా కూర్చున్నవాళ్ల చేతులూ ఇలాగే తువ్వాలు కింద బిగుసుకుని ఉంటాయి, నా మొహం చూడరు, నా చేతులే చూస్తారు, అందుకే వాళ్ల కళ్లముందే పాత బ్లేడు తీసి పారేసి, కొత్తదాని కాగితం చింపి కత్తికి బిగిస్తాను, అప్పుడు మెల్లగా గడ్డం పైకెత్తి కళ్లు మూసుకుంటారు, కొందరు గురకే పెడతారు, ముక్కూమొహం తెలియనివాడి కత్తి కింద పీక పెట్టి గురక.

ఏం చేస్తున్నావో నాకు చూపిస్తూ చెయ్యమ్మా అన్నాను, విసుక్కుంటుందనుకున్నా, స్క్రీన్ నా వైపు తిప్పింది, ఇది మీ పేస్‌మేకర్ నంబరు, మీ కార్డుతో సరిపోయిందా చూడండి, ఇది కొత్త తాళం, కంపెనీ గుర్తు సరిపోకపోతే మీ పేస్‌మేకరే దీన్ని లోపలికి రానివ్వదు, సరిపోయింది, చూశారుగా, ఇక నొక్కమంటారా, నాకు బ్లేడు కాగితం చిరిగిన చప్పుడు వినిపించినట్టే ఉంది, నొక్కమ్మా అన్నాను, గుండె ఒక్కసారి పరాయి నడక పట్టింది, భయమేసింది, కానీ ఆగలేదు, నడుస్తూనే ఉంది, గడ్డం ఎందుకండీ ఎత్తారు, దించండి అంటోంది, నేనెత్తానా, అలవాటమ్మా, నాది కాదు, నా కుర్చీలో కూర్చునేవాళ్ల అలవాటు, ఇంటికెళ్లగానే ఆ పెట్టెను డబ్బాలోంచి తీయాలి, ఇన్నేళ్లూ వాళ్లంతా నా దగ్గర కళ్లు మూసుకున్నది కొత్త బ్లేడు చూశాకే కదా, నేనూ చూశాను, ఇక మూసుకుంటాను.