ఆకుపచ్చ రింగు మొగుడు

గదంత పంజరంలో గింజలు పోసి, నీళ్లు మార్చేసరికి పిట్టలమ్మ నడుము పట్టేసింది. పరిశోధనశాలలో అందరూ ఆమెను పిలిచేది అలాగే. పిట్టల కాళ్లకు రంగు రింగులు తొడిగేదీ ఆమే. ఎర్ర రింగు మగపిట్ట వెంట ఆడపిట్టలు పడతాయి, ఆకుపచ్చ రింగు వాడిని కన్నెత్తి చూడవు. ఎందుకో ప్రొఫెసరుకే తెలియాలి. ఎవరికి ఏ రంగో చీటీ తీసి తేల్చాలని ఆయన ఆజ్ఞ.

ఒక్క పిట్టకు మాత్రం ఆమె చీటీ తీయలేదు. రొమ్ము విరుచుకుని తిరిగే ఆ మగపిట్ట అచ్చం ఆమె మొగుడే. ఆ మహానుభావుడు ప్రొఫెసరు కారు నడుపుతూ ఆయన మాటలు చెవిన వేసుకుని, "మగ పుట్టుకే అంతేనే. సైన్సే చెబుతోంది, నన్నేం చెయ్యమంటావ్" అంటూ పెట్టె సర్దుకుని ఇంకొకత్తె ఇంట్లో చేరాడు. పదకొండేళ్లయినా ఆ మంట చల్లారలేదు. పిట్టకు ఆకుపచ్చ రింగు తొడిగిన రోజు మాత్రం ఆమె కడుపునిండా తింది.

ఇవాళ ప్రొఫెసరు హుషారుగా వచ్చాడు.

"చూశావామ్మా, ఎలాగో ఒక్క పెళ్లాం దొరికిందా, ఆకుపచ్చ రింగు వాళ్లే మంచి తండ్రులు. వేరే దిక్కు లేదు కదా, గూడు వదలరు. ఆ మూలవాడైతే పెళ్లాన్ని లేపి మరీ పొదుగుతున్నాడు."

మూలవాడంటే ఆమె మొగుడే. పిట్టలమ్మకు ఒళ్లు మండిపోయింది. తను వేసిన శిక్ష వాడికి చక్కని కాపురమై కూర్చుంది.

"మంచి తండ్రట. ఇప్పుడు తేలుతుంది."

ప్రొఫెసరు భోజనానికి వెళ్లగానే వాడిని పట్టుకుని, ఉన్న రింగు కోసేసి ఎర్రది తొడిగింది.

వాడి బండారం బయటపడటానికి గంట పట్టలేదు. రెండు ఆడపిట్టలు పక్కన చేరేసరికి గూటి మొహమే చూడలేదు. పిట్టలమ్మ మనసారా నవ్వుకుంది. సార్‌తో ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది.

సాయంత్రం నేల తుడుస్తుంటే మూల గూటిలోంచి ఆడపిట్ట తల బయటపెట్టి చూస్తోంది. మధ్యాహ్నం నుంచి గింజ ముట్టలేదు. వాడు వచ్చి కూర్చోవలసిన వేళ ఎప్పుడో దాటిపోయింది. ఆ చూపు పిట్టలమ్మకు కొత్త కాదు. అన్నం మీద మూత పెట్టుకుని తనూ గుమ్మంలో అలాగే కూర్చునేది. చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నేను ఏడిపించాలనుకున్నది వాడిని కదే తల్లీ. నిన్ను కాదే."

ఆడపిట్ట ఇంకాసేపు చూసి, ఆకలికి తాళలేక దిగిపోయింది. తిన్నాక కూడా తిరిగి ఎక్కలేదు. దీపాలు ఆర్పే ముందు పిట్టలమ్మ గూట్లో వేలు పెట్టి చూసింది. గోరంత గుడ్లు, నాలుగు, చల్లబడిపోతున్నాయి.