పసుపుతాడు అడ్డొచ్చిన కొలత

నేను ఒక వేడిని చూసే కెమెరాను. మీ చీర రంగులూ నగల మెరుపులూ నాకు పట్టవు. వెచ్చనిది పసుపుపచ్చగా, చల్లనిది నీలంగా కనిపిస్తుంది, అంతే. విశాఖపట్నంలో ఒక సబ్‌స్టేషన్‌లో ఏ తీగ కాగిపోతోందో ఇంజనీర్లకు చూపించేదాన్ని. నన్ను ఎండలో నిలబెట్టి వాళ్లు నీడలో టీ తాగేవారు.

అక్కడి నుంచి వైజయంతి నన్ను రెండు నెలలకని అడిగి తెచ్చుకుంది. ఆమె వైద్యకళాశాలలో పరిశోధన చేస్తోంది. మనుషుల్లో గోధుమరంగు కొవ్వని ఒకటుందట. చలి వేస్తే అది తాను ఖర్చవుతూ ఒంటిని వెచ్చబెడుతుందట. ఎంత మంచి కొవ్వో! చేతిని ఐదు నిమిషాలు చన్నీళ్లలో ముంచితే మెడ మొదట్లోని గుంటలు ఎంత వెచ్చబడతాయో నేను చూడాలి. ముప్పైమందిని కొలవాలి. ఇరవైతొమ్మిది మంది అయ్యారు. మర్నాడే నన్ను తిరిగిచ్చేయాలి.

ఆ ఆఖరి రోజున సుమేధ వచ్చింది. పెళ్లై పది రోజులు. వెంట భర్త ఉదయభాను.

"మెడలోవి తీసెయ్యండి," అంది వైజయంతి.

"తాడా? అమ్మో! పదహారు రోజుల పండగైనా కాలేదండీ. మా అత్తగారికి తెలిస్తే ఇంకేమైనా ఉందా!"

పొద్దున్నే పసుపు రాసిన తడితాడు, సరిగ్గా కొలవాల్సిన చోట నీలం గీతలా పడింది.

"నేను పట్టుకుంటాలెండి," అంటూ ఉదయభాను వెనక నిలబడి తాడును పైకెత్తాడు.

ఐదు నిమిషాలయ్యాక ఎడమవైపు భగ్గుమంది. వైజయంతి గంతేయబోయి ఆగిపోయింది. ఆ వెలుగుకు నాలుగు వేళ్లున్నాయి!

"తాడు పట్టుకుంటానని భుజం పట్టుకున్నారేంటండీ?" అంది వైజయంతి.

"వణికిపోతోంది కదండీ, పాపం..."

"మీ జాలితో ఆవిడ చదువు ముంచేసేలా ఉన్నారు. బయట కూర్చోండి," అంది సుమేధ, నవ్వాపుకుంటూ.

అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి సుమేధ ఒక చేతిని నీళ్లలో ముంచి, రెండో చేత్తో సూత్రాలను పైకెత్తి కళ్లకద్దుకుని అలాగే కూర్చుంది. తాడు మెడను వదిలింది. వైజయంతి ఊపిరి బిగబట్టింది. రెండు గుంటలూ మెల్లగా రంగు మారాయి. అర డిగ్రీ. చిన్నదే, కానీ ఎవరి చెయ్యీ పడని సొంత వెచ్చదనం.

వైజయంతి ముప్పయ్యో అంకె రాసుకుంది.

"అయిపోయిందాండీ?" అంటూ ఉదయభాను లోపలికొచ్చి, గడ్డకట్టిన సుమేధ చేతిని రెండు అరచేతుల మధ్య దాచుకున్నాడు. కాసేపటికి బయటికి కనిపిస్తున్న నీలం వేళ్లు ఒక్కొక్కటే పసుపుపచ్చబడసాగాయి. ముప్పై కొలతల్లో ఆ బొమ్మకు చోటు లేదు. అయినా వైజయంతి నన్ను ఆపలేదు. చిటికెనవేలు కూడా వెచ్చబడేదాకా తనూ నేనూ చూస్తూ ఉండిపోయాం.