జానెడు కుట్టు

దర్జీ అక్క నేల మీద చాప వేసుకుని కూర్చుని, ఎర్ర మఖమల్ అంగీలోంచి నిన్నటి దారం ముక్కలు ఒక్కొక్కటే ఏరుతోంది. అంగీ రాజుది. మెడ దగ్గర నుంచి నడుము దాకా రొమ్ము మీద నిలువునా విడిపోయి ఉంది. మూడో అంకంలో, తన కొడుకును సొంత తమ్ముడే విషం పెట్టి చంపించాడని తెలిసి మతి చలించిన రాజు, నిండు సభలో ఆ అంగీని రెండు చేతులా చింపి తమ్ముడి కాళ్ళ ముందుకు విసిరేస్తాడు. ఆటకో కొత్త మఖమల్ చింపుకుంటూ పోతే ఏ నాటకశాలా బతికి బట్టకట్టదు. అందుకని ముందే కోసి ఉంచిన ఆ చోటును ఆమె పొద్దున కలిపి కుడుతుంది, మధ్యాహ్నం ఆటలో రాజు ఊడదీస్తాడు. ఆమె జుట్టు నలుపు నుంచి తెలుపుకు తిరిగేంత కాలంగా ఇదే వరస.

ఆ కుట్టుకు మంచి దారం పనికిరాదు. కిటికీ గట్టు మీద దారపు ఉండలు ఎండకు పడి ఉంటాయి. ఎండకు చివికిన దారం లాగగానే పుటపుటా తెగుతుంది, ఆ చప్పుడు చివరి వరసలో కునికేవాణ్ణి కూడా లేపుతుంది. మరీ చివికిందా, తొడుక్కునేటప్పుడే ఊడి రాజుగారి పరువు తెర లేవకముందే పోతుంది. ఏ ఉండ ఏపాటి ఎండ తిన్నదో ఆమె మునిపంటితో కొరికి చూసి చెబుతుంది. ఈ మధ్య ఆమె ఎక్కువ ఎండ తిన్నవాటినే ఏరుతోంది. కుట్లూ దూరం దూరంగా వేస్తోంది. రాజు చేతుల్లో సత్తువ పోతోందని ఆమెకు ఆయన కంటే ముందు ఆ అంగీయే చెప్పింది.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. నాటకంలో రాజు తమ్ముడి వేషం వేసేవాడు. వేషం లేనప్పుడూ అదే దర్పంతో తిరుగుతాడని అందరూ చిన్నదొర అంటారు.

"అక్కా, ఇవాళ యజమాని ముందు వరసలో కూర్చుంటాడట. ఇకమీదట రాజు వేషం ఎవరిదో తేల్చేస్తాడట."

"తేల్చనీ."

"ముసలాయన వల్ల కావడం లేదక్కా. నువ్వు కదా నెట్టుకొస్తున్నది. ఒక్కరోజు కాస్త గట్టిగా కుట్టావనుకో. దారం మారిందంటావు, అంతే. నీ మీదకు మాట రాదు. అయినా ఆయన నీకు చేసిన మేలేముంది చెప్పు? నాకు అన్నీ తెలుసులే."

ఆమె ఇంకో దారం ముక్క లాగింది. చిన్నదొర గుమ్మానికున్న అద్దంలో జుట్టు సవరించుకుని వెళ్ళిపోయాడు.

వాడేదో కొత్తగా కనిపెట్టినట్టు చెప్పాడు గానీ, ఆ ఆలోచన ఆమెతో పాటే ముసలిదైంది. ఒకప్పుడు ఈ అంగీ తొడుక్కున్నది ఆమె భర్త. ఇప్పటి రాజు అప్పుడు తమ్ముడి వేషగాడు. ఆమె భర్తను అన్నయ్యా అనీ, ఈమెను వదినా అనీ పిలుస్తూ వీళ్ళింట్లోనే తిని పడుకునేవాడు. ఒకరోజు ఆట మధ్యలో భర్త వేషం వేసుకునే అద్దం వెనక సారా సీసా దొరికింది. తాగి రంగం ఎక్కుతున్నాడన్న మాట యజమాని తండ్రి చెవిన పడింది. ఆమె మొగుడు జ్వరానికి మందు కూడా మొహం చిట్లించి మింగేవాడు. అయినా వేషం పోయింది. జాలితో గేటు దగ్గర టికెట్లు చింపే పని ఇచ్చారు. పోయేదాకా ఆ పనే చేశాడు, ఒక్కరినీ ఒక్క మాట అనలేదు. ఆయన అనలేదని ఈమె కడుపు మరింత రగిలేది. సీసా పెట్టింది ఎవరో ఆమెకు తెలుసు. ఆ మాట వాడి నోటి నుంచి వినాలన్నదొక్కటే ఆమె కోరిక. వాడు మాత్రం ఆ రోజు నుంచి వదినా అని పిలవడం మానేశాడు. ఇదిగో అమ్మా అంటాడు, మీరు అంటాడు.

కిటికీ గట్టు వైపు వెళ్ళిన ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి వచ్చి, సైనికుల తోలు పట్టీలు కుట్టడానికి దాచిన మైనం దారం తీసింది. లావు సూదికి ఎక్కించి మెడ దగ్గర మొదలుపెట్టింది. దగ్గర దగ్గరగా, కుట్టుకు కుట్టు ఆనించి, పళ్ళ బిగువున కుట్టింది. నడుము దగ్గరకు వచ్చేసరికి వేళ్ళు ఎర్రబడ్డాయి. ఎద్దులు కట్టి లాగినా ఊడదు. ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది, అబద్ధం దేనికి? చాలాకాలం తర్వాత అన్నం సయించింది. గిన్నె ఖాళీ చేసి, వేలితో తుడిచి మరీ తిన్నది.

మూడో అంకానికి ముందు పక్కతెర వెనక చీకట్లో రాజుకు అంగీ తొడగడం ఆమె పనే. ఆయన చేతులు చాచి నిలబడ్డాడు. భుజాలు అంగీలో ఎక్కడో లోపలికి పోయాయి. మెడ గుండీ తనే పెట్టుకుందామని చూసి, వేళ్ళు వణికి వదిలేశాడు.

"గుండీ పెద్దదైందా, నా వేళ్ళు చిన్నవయ్యాయా?" అన్నాడు నవ్వుతూ.

ఆమె గుండీ పెడుతూ ఆయన భుజం మీదుగా అవతలి పక్కతెర వైపు చూసింది. అక్కడ చిన్నదొర నిలబడి ఉన్నాడు. తల కొంచెం పక్కకు వాల్చి, గోళ్ళు చూసుకుంటూ, పెదవి చివర నవ్వు దాచుకుంటూ. ఆ నిలబడడం ఆమె ఇదివరకు చూసింది. ఆమె భర్తను యజమాని గదిలోకి పిలిచిన నాడు, గోడకు ఆనుకుని ఈ రాజు అచ్చం అలాగే నిలబడ్డాడు.

ఇన్నేళ్ళు గుండెల్లో పెట్టుకుని మోసిన కోపం తనది, తన మొగుడిది. దాన్ని పోయి పోయి వీడి చేతికి ఇస్తోందా? రేపు వీడు ఈ అంగీ తొడుక్కుంటే, అది కూడా ఒక సీసాతో సంపాదించుకున్నదే అవుతుంది. సీసా పెట్టిన చెయ్యి ఈసారి తనది.

నడుముకు వేలాడే చిన్న కత్తెర అందుకుని ఆమె రాజు రొమ్ము మీద కుట్టు తెంచడం మొదలుపెట్టింది. అన్నీ తెంచితే అంగీ ముందే విచ్చుకుంటుంది. ఒకటి విడిచి ఒకటి తెంచింది. మైనం దారం టక్కు టక్కుమని తెగుతోంది. రాజు తల వంచి చూశాడు. లావు దారం ముక్క ఒకటి ఆయన చెప్పు మీద పడింది. ఆయనకు అర్థమైంది. కత్తెర మొన సరిగ్గా గుండె మీద కదులుతున్నా ఆయన కదలలేదు. ఊపిరి బిగబట్టి, ఆమె పనికి అడ్డం రాకుండా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

నడుముకు జానెడు ఎత్తున ఉండగా గంట మోగింది. అవతల సభ సిద్ధమైంది. ఆమె చెయ్యి తీసేసింది.

ఆ నాటకానికి జనం వచ్చేదే ఆ ఘట్టం కోసం. రాజు అంగీ మీద చెయ్యి వేసే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. వేళ్ళు మఖమల్ మీద వాలీ వాలకుండా వణుకుతాయి, కళ్ళలో భయం నిజంగా కదులుతుంది. మతి పోవడమంటే అదీ అని ఇళ్ళకు పోతూ చెప్పుకుంటారు. ఈసారీ ఆగాడు. తర్వాత లాగాడు. తెంచిన కుట్లు పుటపుటా జారివచ్చాయి. పక్కతెర వెనక ఆమె కళ్ళు మూసుకుంది. చప్పుడు జానెడు దూరంలో ఆగిపోయింది.

ఆయన మళ్ళీ లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. ముందు వరసలో యజమాని కుర్చీలో ముందుకు జరిగాడు. అంగీ సగం చిరిగి రాజు నడుము నుంచి వేలాడుతోంది.

చిన్నదొర ఎంత తెలివైనవాడైనా ఒక్కటి మరిచాడు. అంగీ వచ్చి తన కాళ్ళ ముందు పడితేనే తన మాట మొదలవుతుంది. ఆ పడడాన్ని చూసి అందుకునే అలవాటు తప్ప, ఏ మాట తర్వాత తన మాట వస్తుందో వాడు ఎన్నడూ పట్టించుకోలేదు. అంగీ పడలేదు. వాడు నోరు తెరిచి, రాజు నడుము వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు.

రాజు తన రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత అంగీని ఈడ్చుకుంటూ తమ్ముడి దగ్గరకు నడిచాడు.

"ఇదిగో, నువ్వు అడిగింది ఇద్దామనే చూశాను, తమ్ముడూ. నన్ను వదలడం లేదు. నువ్వైనా లాగు."

నాటకంలో అలాంటి మాట లేదు. వినడానికి మాత్రం ఎప్పటి నుంచో ఉన్నట్టే ఉంది. చిన్నదొర ఒక అడుగు వెనక్కి వేశాడు. హాల్లో ఎక్కడో ఒక ఆడమనిషి ఏడుపు ఆపుకోలేకపోయింది.

ఆట అయ్యాక, బయట ఇంకా వెలుతురు ఉండగానే, రాజు వచ్చి చెక్క కుర్చీలో కూలబడ్డాడు. అంగీ తీసి ఆమెకు అందించాడు.

"చివర గట్టిగా ఉంది," అన్నాడు.

"పొద్దున మొత్తం గట్టిగానే కుట్టాను."

"చూశాను." వంగి చెప్పులు విప్పాడు. "రోజూ చెయ్యి వేసేముందు అనుకునేవాణ్ణి, ఇవాళేనేమో అని. ఎన్నేళ్ళు ఎదురుచూశానో. జనం ఆ ఒక్క క్షణాన్ని మెచ్చుకుంటారు గానీ, అది నటన కాదు. భయం."

"అంత భయమైతే ఇంకో దర్జీని పెట్టించుకోవాల్సింది."

"ఏ మొహం పెట్టుకుని అడగను? ఆ మాత్రం శిక్షైనా ఉండొద్దా?" ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఆ సీసా నేనే పెట్టాను, వదినా."

ఈ మాట విన్న రోజున అరుస్తాననీ, గోడలు దద్దరిల్లేలా శపిస్తాననీ ఆమె అనుకునేది. తీరా వినేసరికి చాప మీద కూర్చుంది. కన్నీళ్ళు వాటంతటవే వచ్చాయి. ఇది వినాల్సిన మనిషి లేడు గదా అని ఏడ్చింది.

"ఆయనకు తెలుసు," అంది చివరకు. "టికెట్లు చింపడం అయ్యాక రోజూ వెనక నిలబడి నీ ఆట చూసేవాడు. ఇంటికొచ్చి చెప్పేవాడు. 'చెయ్యి వేసేముందు ఒక్క క్షణం ఆగుతాడు చూడు, అది నాకు రాలేదే' అని."

రాజు ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. చేతులు తీసి, "అన్నయ్య అలా అన్నాడా?" అని అడిగాడు.

"అన్నాడు."

"మంచిది," అని కుర్చీలో వెనక్కి వాలాడు. "కాసేపు కళ్ళు మూసుకుంటాను, వదినా. ముఖం మీది వేషం పొడి తర్వాత తుడుద్దువు గాని."

ఆమె కిటికీ గట్టు మీది దారాల్లో బాగా ఎండ తిన్నది కొరికి చూసి ఏరుకుంది. రేపటి ఆట కోసం అంగీ ఒళ్ళో వేసుకుని మెడ దగ్గర మొదలుపెట్టింది. దూరం దూరంగా, ముసలి చేతులకు అందేలా కుట్టింది. కుడుతూ కొన్ని పాత సంగతులు చెప్పింది. ముగ్గురూ కలిసి ఒకే కంచంలో తిన్న రోజు, తన మొగుడు రంగం మీద కిరీటం జారవిడిచిన రోజు. రాజు ఊఁ కొట్టాడు, మొదట్లో. మైనం దారం మిగిలిన చోటుకు వచ్చి ఆగింది.

"ఇది తీసేయనా, ఉంచనా?" అని అడిగింది.

జవాబు రాలేదు. ఆమె తలెత్తి చూసింది. లేచి వెళ్ళి, ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, ఆ చేత్తోనే చెంప మీది పొడి తుడిచింది. ఎవరినీ వెంటనే పిలవలేదు. తడిగుడ్డ తెచ్చి ముఖమంతా శుభ్రంగా తుడిచి, రాజును మామూలు మనిషిని చేశాకే పిలిచింది.

యజమాని వచ్చాడు, చిన్నదొర వచ్చాడు, అందరూ వచ్చారు. ఆయన్ని మోసుకుని బయటికి నడిచారు. ఆమె వెంట వెళ్ళింది. ఖాళీ కుర్చీ మీద ఎర్ర అంగీ రేపటి ఆటకు సిద్ధంగా ఉంది, పైన అంతా చివికిన దారంతో, అడుగున జానెడు మేర ఎవరు లాగినా ఊడని కుట్టుతో.