ఆ గిట్టలు దానివి కావు

గిట్ట వెచ్చగా ఉంటుంది. ఒడిలో పెట్టుకుంటే తెలుస్తుంది.

కత్తి నడిచిన చోట తెల్లగా, తడిగా, పచ్చి కొబ్బరిలా మెరుస్తుంది. వాసన మాత్రం కొబ్బరిది కాదు — కాలిన వెంట్రుకది. ఎంత సబ్బు రాసినా చేతుల్ని వదలదు.

నేను పశువుల గిట్టలు చెక్కుతాను. ఇరవై ఏళ్ళుగా అదే పని.

ఈ కోడె మా బావది. అక్క మొగుడిది. రెండేళ్ళ వయసు, నల్లటి మెరుపు, బల్లపరుపు వీపు. రేపు దీన్ని పరీక్షించడానికి పశువుల డాక్టరు వస్తాడు. నచ్చితే కాగితం రాసిస్తాడు, మందకు ఆబోతు అవుతుంది. మూడు వందల ఆవుల కడుపున దీని దూడలు పడతాయి.

దీని వెనక గిట్టలు మెలి తిరుగుతాయి.

రెండు నెలలకోసారి... బయటి గిట్ట లోపలికి వంగి, పక్కదాని కిందికి దూరుతుంది. రెండు నెలలకోసారి నేను చెక్కి, ఆకురాయితో రుద్ది, తిన్నగా చేస్తాను.

తల్లిదీ ఇదే గిట్ట. నాలుగో ఏట లేవలేకపోయింది. పడుకున్నచోటే ఒళ్ళంతా ఒరుసుకుపోయింది. తాళ్ళు కట్టి కబేళా వ్యానులోకి ఈడ్చారు. ఒక తాడు పట్టుకున్నది బావే.

మరిచిపోయాడు. మరుపు కొందరికి ఎంత సుఖమో.

"రేపొక్కరోజు బాగా నిలబడితే చాలు మరదలా," అన్నాడు. "నీ చెయ్యి పడితే ఏ గిట్టయినా పాలరాతి బొమ్మదే."

"విత్తు ఒకటి వేస్తే చెట్టు ఇంకోటి మొలుస్తుందా బావా?"

"మొలిచాక చూద్దాంలే. నువ్వున్నావుగా."

నేనున్నాను. ఒళ్ళు మండింది అందుకే. నేనున్నాను కాబట్టే అబద్ధం నాలుగు కాళ్ళ మీద నిలబడుతోంది.

అయినా చెక్కాను. చెక్కకపోతే కుంటుతుంది. నొప్పి దానిది, పరువు బావది, కత్తి నాది — తిలాపాపం తలా పిడికెడు.

మర్నాడు డాక్టరు వచ్చాడు. ఛాతీ చూశాడు. పళ్ళు చూశాడు. వృషణాల చుట్టూ టేపు పెట్టి కొలిచి, తల ఊపాడు. నడిపించమన్నాడు. నడిచింది — గట్టి నేల మీద, పెళ్ళికొడుకులా.

"ఏం గిట్టలండీ," అన్నాడు. "పుట్టుక అంటే ఇదీ."

బావ మీసాల కింద నవ్వుకున్నాడు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నోరు విప్పొద్దని.

ఇరవై ఏళ్ళలో నా పనిని బయటివాళ్ళెవరూ పొగడలేదు. పొగిడిన ఆ ఒక్కసారీ పుట్టుకను పొగిడారు. కోపం రాదా మరి?

అక్క చెయ్యి విడిపించుకున్నాను.

"ఆ గిట్టలు దానివి కావండి, నావి. నిన్న చెక్కాను. రెండు నెలలు కత్తి పెట్టకుండా ఉంచి, అప్పుడొచ్చి చూడండి. దీని తల్లి నడవలేక పోయింది. రేపు దీని కూతుళ్ళూ అంతే. ఆ నొప్పి మీ కాగితంలో ఎక్కడ రాస్తారు?"

బావ నేల చూపులు చూశాడు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు వంగాడు. గిట్ట ఎత్తి, బొటనవేలితో నా కత్తి జాడల్ని తడిమాడు. చాలాసేపు... హమ్మయ్య, కనిపించింది అనుకున్నాను.

"మీరేనా చెక్కింది?"

"నేనే."

"మంచి చెయ్యమ్మా మీది." గొంతు తగ్గించాడు. "మా పశువీర్య కేంద్రంలో ఎనిమిది ఆబోతులున్నాయి. అన్నిటికీ ఇదే మెలి. వచ్చే వారం ఒకసారి రాగలరా?"

ఎనిమిది.

ఎనిమిదింటికి ఎన్ని వేల కూతుళ్ళు... ఏయే కొట్టాల్లో, ఏ గట్టి నేల మీద, కాలు మార్చి కాలు మోపుకుంటూ నిలబడి ఉన్నాయో.

ఆయన కాగితం మీద సంతకం పెట్టాడు. బావ ఊపిరి వదిలాడు. ఛీ అనాలనిపించింది. ఎవర్ని అనను? కత్తి నా సంచీలోనే ఉంది.

కోడె నా వైపు తిరిగింది. నన్ను చూస్తే దానికి తెలిసింది ఒకటే. వెనక కాలు మెల్లగా ఎత్తి పట్టుకుంది — ఒడి కోసం.

నేను వంగలేదు.

ఇంకా వంగలేదు...