మాటలమ్మ అనని మాట

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకు మళ్ళీ మాటలు నేర్పే ఉద్యోగం కాబట్టి అందరికీ మాటలమ్మ. పేరుకు మాటలమ్మే గానీ, మూడేళ్ళుగా ఒక్క మాట మాత్రం ఆవిడ నోట వెలువడలేదు. ఆ మాట ఆమేన్.

భర్త ఇదే ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉండి కన్నుమూశాడు. ఆ పదకొండు రోజులూ చర్చి సంఘమంతా ప్రార్థన చేసింది. ప్రతి ప్రార్థనకూ అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఆవిడే. సమాధి దగ్గర మాత్రం పెదవి విప్పలేదు. అలాగే జరగనీ అని ఒప్పుకోవడమే కదా ఆ మాట! జరిగినదానికి తను ఒప్పుకోదు. అంతే. అత్తగారి కోసం ఆదివారాలు చర్చికి వెళ్ళేది, అందరితో లేచేది, కూర్చునేది, చివరి మాట దగ్గర పళ్ళు బిగబట్టేది. మొండితనమంటే అలా ఇలా కాదు.

అలాంటి మనిషి దగ్గరికి బిషప్పు గారిని తీసుకొచ్చారు. ఒకప్పుడు మైకు లేకుండానే చివరి బల్ల దాకా వినిపించిన గొంతు. ఇప్పుడు మంచినీళ్ళు కావాలంటే "తలుపు" అంటున్నారు. అన్నీ తెలుస్తాయి, నోటికి మాత్రం వేరే మాట వస్తుంది. వెంట వచ్చిన అక్కగారిని చూపించి ఈవిడెవరని మాటలమ్మ అడిగితే, కాసేపు ఆలోచించి "గొడుగు" అన్నారు.

"చూశావా అమ్మా! ఇన్నేళ్ళు వండిపెట్టినందుకు నన్ను గొడుగుని చేశాడు," అని అక్కగారు మూతి ముడుచుకుంది. బిషప్పు గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"నవ్వరా, నవ్వు. వచ్చే నెల మొదటి ఆదివారం చర్చిలో దీవెన వీడే చెప్తాడట. కేలెండరు మీద వేలు పెట్టి మరీ చూపించాడు. అప్పటికి మాట వచ్చేస్తుందా?"

"అది నేను చెప్పలేనండీ. పని మాత్రం వదలకుండా చేయిస్తాను," అంది మాటలమ్మ.

ఆవిడ పద్ధతి ఒకటే. బొమ్మ చూపించి, బల్ల మీద వేలితో తట్టి, మొదటి అక్షరం తను అని ఆగుతుంది. మిగతాది రోగి అనాలి. ఎంతసేపైనా సరే తను పూరించదు, ఇంకొకరిని పూరించనివ్వదు. ఆత్రం పట్టలేక అక్కగారు "నీళ్ళురా, నీళ్ళు!" అనేసిన రోజున ఆవిడను వరండాలో కూర్చోబెట్టింది.

ఒక ఉదయం మాటలమ్మ కాస్త ముందుగా వచ్చింది. గదిలో బిషప్పు గారు ఒక్కరే కళ్ళు మూసుకుని, పైకే ప్రార్థన చేసుకుంటున్నారు. "తలుపు... దువ్వెన... మా గొడుగు... తువ్వాలు, తువ్వాలు..."

ఒక్క మాటా సరైనది కాదు. అయినా ఆ మొహంలో సిగ్గు లేదు, బెరుకు లేదు. ఎదురుగా కూర్చున్నవాడితో మాట్లాడుతున్నంత ధీమాగా ఉన్నారు. గుమ్మంలో నిలబడ్డ మాటలమ్మకు అసూయ పుట్టింది. అన్ని మాటలూ నోట్లో ఉండి కూడా తను మూగనోము పట్టి కూర్చుంది మరి.

"అయ్యగారూ, ఇప్పుడు ఏం అడిగారు?"

ఆయన భుజాలెగరేసి, పైకి వేలు చూపించి, "ఆయనకు... తె... తెలుసు," అన్నారు. వచ్చిన దగ్గర్నుంచి తిన్నగా పలికిన వాక్యం అదొక్కటే.

ఆపైన బల్ల మీద వేలితో తట్టారు. అచ్చం ఆవిడలాగే. "ఆ..." అని ఆగి, ఆవిడ మొహంలోకి చూశారు.

"నేను అనను అయ్యగారూ. మా ఆయన కోసం ఎన్నిసార్లో అన్నాను. ఏం జరిగింది? ఇక అనను." మాటలమ్మ మొహం తిప్పుకుని బొమ్మలు బల్ల మీద పేర్చసాగింది.

ఓదార్చడానికి ఆయన దగ్గర మాటల్లేవు. కళ్ళు మాత్రం నిండాయి. అయినా మళ్ళీ తట్టారు. "ఆ..."

అప్పట్నుంచి ప్రతి పాఠం చివరా అదే తంతు. ఆయన తట్టేవారు, ఆవిడ తల అడ్డంగా ఊపేది. మొండివాడికి మొండిది దొరికిందని అక్కగారు వరండాలోంచి నవ్వుకునేది.

ఆ ఆదివారం రానే వచ్చింది. మాటలమ్మ వెళ్ళే చర్చిలోనే, ఆరాధన చివర బిషప్పు గారు చేతికర్ర ఊతగా నిలబడ్డారు. "దేవుని..." అని ఆగారు. "దేవుని తువ్వాలు..."

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన వెతుకుతున్న మాట శాంతి అని మాటలమ్మకు తెలుసు. ఆయన నుదుట చెమట పట్టింది. పక్కనున్న పాస్టరు గారు జాలిపడి మైకు అందుకోబోయారు.

నాలుగో వరుసలో మాటలమ్మ లేచి నిలబడింది. "ఆగండి. ఆయన్నే చెప్పనివ్వండి."

పాస్టరు గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బిషప్పు గారు ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదలుపెట్టారు. "దేవుని తువ్వాలు... మీ అందరికీ... తోడుగా ఉండాలి." అది తప్పు మాట అని ఆయనకూ తెలుసు. తెలిసే, తలెత్తి, చివరిదాకా చెప్పారు. ఆ తర్వాత ఆవిడ వైపు తిరిగి కర్రతో నేల మీద తట్టారు. "ఆ..."

మాట రాక ఆగారో, తన కోసమే ఆగారో మాటలమ్మకు తెలియదు. భర్త గుర్తొచ్చాడు. జరిగినదానికి ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు. ఆ సంగతి దేవుడితోనే తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే ముందు మాట్లాడాలి కదా!

"ఆమేన్," అంది. మూడేళ్ళుగా వాడని మాట బొంగురుగా వచ్చింది. అత్తగారు ఉలిక్కిపడి కోడలి చెయ్యి పట్టుకుంది. ఇంకెవరూ నోరు విప్పకముందే మాటలమ్మ ఆ మాటను మళ్ళీ అంది, ఈసారి చివరి బల్ల దాకా వినబడేలా.