ఫలహారం బండి బ్రేకు

మహేశ్ కొన్న బండిని చూసి ఖాజాగూడలో కుళ్లుకోని మగవాడు లేడు. ముందు నలుగురు దర్జాగా కూర్చునే క్యాబిన్, వెనక సామాను వేసుకునే తొట్టి, మెరిసే ఎర్రరంగు. పైగా ఆటోమేటిక్. క్లచ్ లేదు, గేర్లు మార్చే పని లేదు. అది సెకండ్ హ్యాండ్ బండి అని తెలిసినవాళ్లు తక్కువ. ఐటీ ఆఫీసులకు కుండీల మొక్కలు కిరాయికిచ్చే మనిషికి అంత బండి ఎందుకని అడిగినవాళ్లు ఇంకా తక్కువ.

పైన పటారం, లోన లొటారం అన్న సంగతి ముందు పసిగట్టింది అతని భార్య కృష్ణప్రియ. ఆమె అప్పుడప్పుడు ఆ బండిలోనే ఆఫీసుకు వెళ్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ గొంతు చించుకుని అరుస్తుంది. బండి మాత్రం పెద్దమనిషిలా కాసేపు ఆలోచించి, తర్వాత కదులుతుంది.

"గేరు జారుతున్నది. జర మెకానిక్‌కు చూపియ్యి," అంది బోనాల పండుగ ముందు.

"ఆటోమేటిక్‌ల జారుడేంది? మనం గేరు మార్చనే మార్చం, అది అరుగుడెట్ల?"

"గేర్ ఆయిలన్న మార్పిచ్చినవా?"

"లైఫ్‌టైమ్ ఆయిలన్నడు అమ్మినోడు. మార్చే పనే లేదు."

"ఎవరి లైఫ్‌టైము? బండిదా, మనదా?"

మహేశ్ నవ్వేశాడు. నవ్వేస్తే వాదన గెలిచినట్టేనని అతని నమ్మకం.

ఆ ఏడు మైసమ్మకు ఫలహారం బండి తీసే వంతు వాళ్లింటికి వచ్చింది. అమ్మవారి నైవేద్యాల గంపలు బండిమీద పెట్టి, పూలతో, వేపమండలతో సింగారించి, డప్పులతో గుడిదాకా ఊరేగించాలి. ఒకప్పుడు ఎడ్లబండి మీద, తర్వాత ట్రాక్టర్ మీద తీసేవారు. మహేశ్ తన ఎర్రబండి మీదే తీస్తానన్నాడు. "నడక మీద పోవాలె. ట్రాక్టరైతే క్లచ్ తొక్కి తొక్కి కాళ్లు పడిపోతయి. మనది ఆటోమేటిక్, ఫికర్ లేదు," అని వాడకట్టంతా చెప్పుకొచ్చాడు. ఆ గేర్‌బాక్స్‌కు అంతకన్నా పెద్ద శిక్ష ఉండదని అతనికి ఎవరు చెప్పాలి? వేళకు ఆయిల్ మార్చి, రోడ్డుమీద పరుగెత్తనిస్తే అది ఏళ్లకేళ్లు పనిచేస్తుంది. తొట్టినిండా బరువేసి, ఎత్తుకు, ఆగుతూ కదులుతూ నడిపిస్తే లోపల ఆయిల్ కాగి కాగి చేతులెత్తేస్తుంది.

వంతు ఇంటి కొడుకు, కొరడా పట్టి చిందేసే పోతరాజు పక్కన, బండి ముందు నడవాలి. కాబట్టి స్టీరింగ్ ముందు కృష్ణప్రియ కూర్చోవాలి. అత్త అంజమ్మకు అది మింగుడుపడలేదు.

"ఫలహారం బండి ఆడిపిల్ల తోలుడు మన ఇండ్లల్ల ఎన్నడన్న ఉన్నదారా?"

"ఆటోమేటిక్ నాకంటె ఆమెకే మంచిగొస్తదే," అన్నాడు మహేశ్.

అంజమ్మ మూతి తిప్పుకుని, అమ్మవారికి అన్నం వండిన బోనం కుండ అందుకుంది. పసుపు రాసి, వేపాకు కట్టి, దీపం పెట్టిన బోనాన్ని నెత్తికెత్తుకుని సరిగ్గా బండి వెనకే వచ్చి నిలబడింది. ఎత్తిన బోనం గుడి ముందే దించాలి. నడుమ నేలకు తగిలితే ఇంటికే కాదు, ఊరికే అరిష్టమని అందరికన్నా గట్టిగా పట్టుబట్టేది ఆమే. కృష్ణప్రియకు వద్దనాలనే ఉంది. వద్దంటే భయపడ్డదంటారు. ఆ మాట పడలేక తాళంచెవి అందుకుంది.

చెరువు దాటేదాకా బండి బాగానే నడిచింది. గుడికి వెళ్లే ఎత్తు మొదలయ్యాక జనం పెరిగారు. తొట్టిలో గంపలు, పాటల పెట్టెలు చాలవన్నట్టు పడుచువాళ్లు కొందరు ఎక్కి నిలబడ్డారు. బండి నాలుగడుగులు వేయడం, పోతరాజు చిందు కోసం ఆగడం, మళ్లీ నాలుగడుగులు. కాలిన నూనె వాసన కృష్ణప్రియ ముక్కుకు తగిలింది. మిర్చి బజ్జీల బండి వాసనేమో అనుకోబోయింది. అంతలో స్టీరింగ్ వెనక పసుపుపచ్చ హెచ్చరిక దీపం వెలిగింది.

ఎత్తు నడుమకు వచ్చాక యాక్సిలరేటర్ తొక్కింది. ఇంజన్ అరిచింది. బండి కదల్లేదు. ఇంకొంచెం తొక్కింది. ఇంకా పెద్దగా అరిచి, బండి మెల్లగా వెనక్కి జారింది.

రెండు కాళ్లూ ఎత్తి బ్రేకు మీద వేసింది. బండి ఆగింది. హ్యాండ్‌బ్రేక్ లాగింది. ఆ బరువుకు అది ఆనలేదు. గేరు పార్కింగ్‌లో పెట్టి, బ్రేకు మీద కాలు ఇసుమంత వదిలి చూసింది. గేర్‌బాక్స్ లోపల పళ్లు కటకటమన్నాయి తప్ప పట్టుకోలేదు. బండి మళ్లీ జారింది. మళ్లీ బ్రేకు అదిమింది.

పక్క అద్దంలో చూసింది. వెనక అంజమ్మ, ఆమె వెనక బోనాల వరుస. తల వంచడానికి వీల్లేదు, గబుక్కున తిరగడానికి వీల్లేదు. వాళ్ల వెనక ఊరంతా ఒత్తుకుని ఉంది. జరగమన్నా ఎక్కడికి జరుగుతారు?

హారన్ కొట్టింది. మహేశ్ వెనక్కి తిరిగి చూసి, మురిసిపోయి, ఈలవేసి రుమాలు ఊపాడు. మళ్లీ కొట్టింది. ఊరేగింపుకు ఊపు తెస్తోందనుకుని డప్పులు ఇంకా జోరందుకున్నాయి. తొట్టిలో పిల్లగాళ్లు ఎగిరి గంతులేశారు. ఆ గంతులకు బండి ఊగినప్పుడల్లా బ్రేకు ఆమె పాదాల కింద వణికింది. కిటికీ దించి అరిచింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

సీటుకు వీపు ఆనించి బ్రేకును ఇంకా బలంగా అదిమింది. చెమట కళ్లలోకి దిగింది. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే కాలు కూడా జారుతుందేమోనని భయం. ఇంజన్ ఆగిపోతే ఈ బ్రేకు కూడా రాయిలా బిగుసుకుని, ఎంత తొక్కినా దిగదు. అప్పుడు ముందుగా పోయేది తన అత్త. ఆ మాట తనకు తాను చెప్పుకునేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

బండి ఇంకోసారి జారింది.

అద్దంలో అంజమ్మ కళ్లు కిందికి దిగాయి. చక్రం ముందుకు పోవడం మాని తన కాళ్ల వైపు వస్తోంది. ఆమె అద్దంలోకి చూసింది. కోడలి ముఖం కనిపించింది.

అంజమ్మ రెండు చేతులూ పైకెత్తి, నెత్తిమీది బోనాన్ని తీసి, నడిరోడ్డు మీద పెట్టేసింది.

పక్కనున్న ఆడవాళ్లు కెవ్వుమన్నారు. ఒక డప్పు ఆగింది. దాన్ని చూసి ఇంకోటి ఆగింది. పోతరాజు కొరడా దించాడు. పాట ఆపేశారు. నడిదారిలో దించిన బోనాన్ని ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

"బండి ఎన్కకొస్తున్నది! రాళ్లేయుండ్రి!" అంజమ్మ గొంతు ఎత్తంతా వినిపించింది. "తొట్టిల ఉన్నోళ్లు దిగుండ్రిరా!"

ఖాజాగూడలో రాళ్లకు కరువేముంది? చేతికందిన బండరాయల్లా చక్రాల కిందికి దొర్లింది. తొట్టిలోవాళ్లు దూకారు. బోనాల వరుస పక్కకు తప్పుకుంది. మహేశ్ పరుగెత్తుకుంటూ వచ్చి టైరుకు భుజం ఆనించాడు.

"ఆడిపిల్ల చేతికి బండిస్తే గిట్లనే అయితది," అన్నాడు ఊరి పెద్ద పోచయ్య. "ఇగ బోనం సుత కిందవడె."

"ఆమె ముందే చెప్పింది మామా," అన్నాడు మహేశ్ లేవకుండానే. "బండి ఖరాబున్నదన్నది. నేనే ఇనలె."

అంజమ్మ వాళ్లిద్దరినీ పట్టించుకోకుండా వచ్చి డ్రైవర్ తలుపు తీసింది.

"రాళ్లు పెట్టిండ్రు. కాళ్లు తియ్యి, బిడ్డా."

"వస్తలేవత్తమ్మా," అంది కృష్ణప్రియ. నిజంగానే రావడం లేదు. నడుము కింద తన ఒళ్లు తనది కానట్టుంది. "తీస్తే జారుతది. నువ్వు పక్కకు జరుగు."

అంజమ్మ జరగలేదు. కొంగు నడుముకు చెక్కుకుని, స్టీరింగ్ కిందికి తలదూర్చి, పసుపు చేతులతో కోడలి పాదాలు పట్టుకుంది. ఊరంతా చూస్తోంది.

"అయ్యో, అత్తమ్మా! నా కాళ్లు పట్టుకుంటున్నవేంది!"

"ఊకో. ఇంతసేపు మా అందరి పానాలు ఈ కాళ్ల కిందనే ఉండె."

ముందు ఎడమ పాదం, తర్వాత కుడి పాదం, నొప్పి పుట్టకుండా మెల్లగా విడదీసి తన చేతుల్లోకి తీసుకుంది. బండి కదల్లేదు. కృష్ణప్రియ అత్త భుజం మీద వాలి, అందరి ముందూ గొంతెత్తి ఏడ్చింది.