అత్తగారి ఆపరేషన్

రమణయ్యకు అబద్ధం చేతకాదు. అది మంచి గుణం అనేవాళ్ళు అతనితో ఒక్క నెల కాపురం చేసి చూడాలి. పోయిన ఏడు మేకల బేరగాడు నోరు తెరవకముందే ‘ఈ మేకకు నిన్నటి నుంచీ పారుడు రోగం’ అని చెప్పేసి, బేరం పోగొట్టుకుని, పెళ్ళాం చేత వారం రోజులు చీవాట్లు తిన్నాడు. అలాంటి మనిషిని ఉదయగిరి బస్టాండులో కూచోబెట్టి, చీర చుట్టిన కుక్కను ఒళ్ళో పెట్టి, పైన దుప్పటి కప్పి, ‘ఎవురన్నా అడిగితే మా అమ్మ అని చెప్పు’ అంటే ఎట్లా?

“నా వల్ల కాదే,” అన్నాడు.

“అయితే మూగోడి మాదిరి కూచో. మాటలు నేను చూసుకుంటా,” అంది పెళ్ళాం వెంగమ్మ.

కుక్క పేరు చిన్నమ్మి. పద్నాలుగేళ్ళ కిందట రమణయ్య తల్లి ఓబులమ్మ పెట్టిన పేరు. మూతి నెరిసి, ఒక కంటికి పొర కమ్మి, వెనక కాళ్ళు ఈడుస్తున్నా అది చిన్నమ్మే. ఓబులమ్మ పోయి రెండేళ్ళయినా ఆమె మంచం కిందే దాని పడక. మూడు రోజులుగా అన్నం ముట్టలేదు, పొట్ట ఉబ్బిపోయింది. సీతారామపురం దగ్గరి ఊరి నుంచి తెల్లారే మోసుకొస్తే, ఉదయగిరి పశువుల డాక్టరు చూసి గర్భసంచికి చీము పట్టిందన్నాడు. ఈ రోజే ఆపరేషన్ జరక్కపోతే దక్కదని, అది చేసే ఆత్మకూరు డాక్టరుకు తనే ఫోన్ చేశాడు. ఆటోవాళ్ళు వాసనకే ముక్కు మూసుకుని పోయారు. మొదటి బస్సు కండక్టరు మెట్టు మీదే ఆపేశాడు. అప్పుడు పుట్టింది వెంగమ్మ బుర్రలో ఈ ఉపాయం.

రెండో బస్సులో కండక్టరు సరళ అనే అమ్మాయి. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. వెంగమ్మ సంచిలో ఇంటిల్లిపాది ఆధార్ కార్డులూ ఒకే కవర్లో ఉంటాయి, ఉన్నవాళ్ళవీ పోయినవాళ్ళవీ. తనదీ అత్తగారిదీ తీసి దర్జాగా చూపించింది.

“ఈ ఫోటోలో అవ్వ మొహమే తెలవడం లేదే,” అంది సరళ.

“ఆధార్‌లో ఎవురి మొహం తెలుస్తాదమ్మా? నాది చూడు, దొంగ మొహం మాదిరి లేదూ?”

సరళకు నవ్వొచ్చింది. కార్డులు తిరిగిచ్చేసి ముందుకు వెళ్ళింది. రమణయ్య కిటికీలోంచి కంపచెట్లను చూస్తూ, ఒళ్ళో వేడిగా ఎగిరిపడుతున్న పొట్ట మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అది ఆగిపోతుందేమోనని అతని భయం. తల్లి పోయినప్పుడు అతను కూలికి వెళ్ళి ఊళ్ళో లేడు. మంచం దగ్గర ఉన్నది ఇదొక్కటే.

సగం దారి దాటాక బస్సు కొంచెం ఖాళీ అయింది. సరళ వెనక సీట్లో కూర్చుని క్యారేజీ మూత తీసింది. సోమశిల చేపల పులుసు. వాసన బస్సంతా కమ్ముకుంది.

దుప్పటి కదిలింది. ముందు నల్లటి ముక్కు బయటికొచ్చింది, తర్వాత రెండో కొసన తోక. తోక ఊగింది కూడా.

“వాసన పట్టిందే! దీనికి ఆకలేస్తా ఉండాది!” సంతోషం పట్టలేక రమణయ్య గట్టిగా అరిచేశాడు. వెంగమ్మ తల కొట్టుకుంది.

సరళ క్యారేజీ పక్కన పెట్టి లేచి వచ్చింది. “ఏమ్మా, మీ అత్తకి తోక ఉండాదే?”

“ముసలితనంలో ఏమేమో వస్తాయి తల్లీ. నీకిప్పుడు తెలవదులే.”

బస్సంతా ఘొల్లుమంది. సరళ మాత్రం నవ్వలేదు. విజిల్ ఊది బస్సు ఆపింది. బయట ఎండ, రోడ్డుకు ఇటూ అటూ బీళ్ళు, కనుచూపు మేరలో ఇల్లు లేదు.

“దిగండి. చెకింగోళ్ళు చూస్తే నా ఉద్యోగం పోతాది.”

“ఇక్కడ దిగితే ఇది చచ్చిపోతాదమ్మా,” అంది వెంగమ్మ. ఆమె గొంతులో గడుసుతనం పోయింది.

సరళ రమణయ్య వైపు తిరిగింది. “పెద్దాయనా, నిన్ను చూస్తే అబద్ధాలాడే మనిషి మాదిరి లేవు. నువ్వు చెప్పు. ఇది ఎవురు?”

వెంగమ్మ కళ్ళు మూసుకుంది. ఇక అయిపోయినట్టే. రమణయ్య నిజం చెప్పడానికే నోరు తెరిచాడు. చిన్నమ్మి చూపున్న ఆ ఒక్క కంటితో అతన్నే చూస్తోంది.

“మా అమ్మ,” అన్నాడు.

అన్నాక ఏడుపొచ్చింది. వయసొచ్చిన మగవాడు బస్సులో అందరి ముందూ చీర కొంగుతో, అదీ కుక్కకు చుట్టిన చీర కొంగుతో, కళ్ళు తుడుచుకున్నాడు.

సరళ వంగి దుప్పటి లోపలికి చెయ్యి పోనిచ్చి చూసింది. “మీ అమ్మకి ఒళ్ళు కాలిపోతా ఉండాది. చెప్పబళ్ళా ముందే? ఆ కిటికీ మూయండి, గాలి కొడతా ఉండాది,” అని, డ్రైవరు వైపు తిరిగి కేక వేసింది. “పోనీ అన్నా, ఆత్మకూరు దాకా ఎక్కడా ఆలస్యం చెయ్యబాక!”

ఆత్మకూరులో ఆపరేషన్ అయ్యేసరికి పొద్దు వాలింది. రమణయ్య కాళ్ళు అరిగేలా వరండాలో తిరిగాడు. డాక్టరు బయటికి వచ్చి, ముసలిదైనా మొండిది, గండం గడిచింది, మందులు సరిగా వేస్తే ఇంకొన్నాళ్ళు మీ దగ్గరే ఉంటుంది అన్నాడు. రమణయ్య ఆయన చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. వెంగమ్మే విడిపించాల్సి వచ్చింది.

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు వేరే మనిషి, చూస్తేనే చిరాకు మనిషి. వెంగమ్మ గొంతు సవరించుకుని మాట కూర్చుకునే లోపే రమణయ్య ఆమెను దాటుకుని మెట్టెక్కాడు.

“జరగండి, జరగండి! మా అమ్మకి ఆపరేషన్ చేయించుకొస్తా ఉండాను!”

“ఏం ఆపరేషన్?” అన్నాడు కండక్టరు.

“గర్భసంచి తీసేసినారు.”

“అయ్యో, ఈ వయసులోనా!” అని ముందు సీట్లో ఒకామె గబుక్కున లేచి చోటిచ్చింది.

“ఏం చేస్తాం తల్లీ, పొద్దున్నుంచీ ఒక్కసారి కూడా మూలగలేదు. అంత ఓపిక మా అమ్మకి,” అంటూ రమణయ్య దర్జాగా కూర్చున్నాడు. వెంగమ్మ మొగుణ్ణి ఎప్పుడూ చూడనట్టు చూస్తూ మెట్టు మీదే నిలబడిపోయింది.